కేసా, కక్షా: పలాస, టెక్కలి ప్రాంతంలో రాజకీయ వాదాల చరిత్ర

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో, కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా, ఒక నాయకుడిపై కేసు పడితే రెండు మాటలు వినిపిస్తాయి. ఎదుటి పార్టీవాళ్లు అవినీతి బయటపడిందంటారు. సొంత పార్టీవాళ్లు కక్ష సాధింపు అంటారు. ప్రభుత్వం మారిన మర్నాటి నుంచి మొదటి మాట అన్నవాళ్లు రెండోదీ, రెండో మాట అన్నవాళ్లు మొదటిదీ అందుకుంటారు. ఈ వాదానికి ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. స్వాతంత్ర్యోద్యమం నాటి జైళ్లతో మొదలై, హైకోర్టు తీర్పులు, సీబీఐ చార్జిషీట్లు, టీవీ చర్చలు, ఇంటి గుమ్మం ముందు ధర్నాల మీదుగా అది నడిచింది.

జైలు గౌరవమైన కాలం

ఈ ప్రాంతంలో రాజకీయ నాయకుడు జైలుకు వెళ్లడం మొదట అవమానం కాదు, అర్హత. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అదే ఏడాది మందస జమీందారీలో అడవి కలప మీద హక్కు కోసం నిలబడిన రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పుల్లో చనిపోయిన వీర గున్నమ్మ పేరు ఇక్కడి ఉద్దానం ప్రాంతంలో ఇప్పటికీ పలుకుతూనే ఉంది. ఆ ఉద్యమాల్లో కేసులు రైతుల మీదే పడ్డాయి. ముద్దాయి అనిపించుకోవడానికి సిగ్గుపడవలసిన పని అప్పుడు లేదు.

1909లో బారువలో పుట్టిన గౌతు లచ్చన్న ఆ తరం ప్రతినిధి. బ్రిటిష్ పాలనలో పలుమార్లు జైలుకు వెళ్లి, సర్దార్ అనిపించుకుని, సోంపేట నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1975 నాటి అత్యవసర పరిస్థితిలోనూ నిర్బంధం అనుభవించారు. జైలు శిక్షను త్యాగానికి రుజువుగా చూసే అలవాటు ఈ ప్రాంతంలో ఆయన లాంటివారి వల్ల స్థిరపడింది. తరువాతి కాలంలో అవినీతి కేసుల్లో అరెస్టయిన నాయకుల అనుచరులు కూడా ఈ పాత గౌరవాన్నే తమ నాయకుడికి అడిగారు.

1960ల చివర శ్రీకాకుళం సాయుధ పోరాటం ఇంకో ప్రశ్న తెచ్చింది. పలాస దగ్గరి బొడ్డపాడు నుంచి వచ్చిన యువకులు ఆ పోరాటంలో ముందు నిలిచారు. తరువాత నడిచిన పార్వతీపురం కుట్ర కేసులో ప్రభుత్వం నేరాన్ని చూపింది, ముద్దాయిలు రాజకీయాన్ని చూపారు. ఎన్నికల రాజకీయాలకు అది బయటి విషయమే అయినా, ఒకే పనిని నేరమనీ రాజకీయమనీ రెండు విధాల చెప్పవచ్చునన్న సంగతి జిల్లా జనానికి అప్పటికే అనుభవమైంది.

కోర్టు మాటకు రాజీనామా

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి దశాబ్దాల్లో కోర్టు వ్యాఖ్యకు రాజకీయ విలువ ఎక్కువ. 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పాత్రను తప్పుబట్టింది. తన మీద వచ్చిన దురుద్దేశ ఆరోపణను ఆయన స్వయంగా ప్రమాణపత్రం ద్వారా ఖండించలేదని ఎత్తిచూపింది. శిక్ష లేదు, నేరారోపణ కూడా లేదు. అయినా ఆయన పదవి వదులుకున్నారు. 1992లో ప్రైవేటు కళాశాలల అనుమతుల వ్యవహారంలో హైకోర్టు చేసిన వ్యాఖ్యల తరువాత నేదురుమల్లి జనార్దనరెడ్డి కూడా ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఈ రెండింటి నడుమనే వ్యతిరేక ధోరణి బలపడింది. 1977లో కేంద్రంలో జనతా ప్రభుత్వం వచ్చాక, రాష్ట్రంలో కాంగ్రెస్ ముఖ్యమంత్రి జలగం వెంగళరావుపై వచ్చిన ఆరోపణల విచారణకు జస్టిస్ విమదలాల్ కమిషన్ ఏర్పడింది. ఢిల్లీలో ఒక పార్టీ, హైదరాబాదులో ఇంకో పార్టీ ఉన్నప్పుడు విచారణ సంఘం ఎవరి చేతి ఆయుధమన్న ప్రశ్న అప్పుడే బలంగా లేచింది. 1978 ఎన్నికల తరువాత శాసనసభలో జనతా పక్షాన ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నది గౌతు లచ్చన్నే.

ఎన్.టి. రామారావు హయాంలో విశాఖ కాంగ్రెస్ నాయకుడు ద్రోణంరాజు సత్యనారాయణ ముఖ్యమంత్రి అక్రమాలపై హైకోర్టుకు వెళ్లారు. కొన్ని ఆరోపణలకు ప్రాథమిక ఆధారం కనిపిస్తోందని హైకోర్టు 1988లో అభిప్రాయపడింది. రామారావు రాజీనామా చేయలేదు. ప్రజలు ఎన్నుకున్నవాణ్ని ప్రజలే దించాలన్న వాదన తెలుగుదేశం శ్రేణులకు ఆయుధమైంది. ఆ తరువాత అన్ని పార్టీలూ అవసరమైనప్పుడల్లా దాన్నే వాడుకున్నాయి.

ఇంటి సంగతి ఎన్నికల సంగతి అయినప్పుడు

నాయకుడి వ్యక్తిగత జీవితం మీద పార్టీలు నిలువునా చీలిన పెద్ద ఘట్టానికి టెక్కలితో నేరుగా సంబంధం ఉంది. రామారావు 1993లో లక్ష్మీపార్వతిని వివాహం చేసుకున్నారు. 1994 శాసనసభ ఎన్నికల్లో హిందూపురం, టెక్కలి రెండు చోట్లా పోటీ చేసి రెండింటా గెలిచారు. హిందూపురం ఉంచుకుని టెక్కలి వదులుకోవడంతో ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది.

1995 ఆగస్టులో పార్టీ చీలింది. రామారావు అల్లుడు చంద్రబాబు నాయుడి వర్గం లక్ష్మీపార్వతిని రాజ్యాంగేతర శక్తి అంది. రామారావు వర్గం జరిగినదాన్ని వెన్నుపోటు అంది. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు మరణించారు. ఆ ఏడాదే శ్రీకాకుళం జిల్లా ఓటరు రెండు తీర్పులిచ్చాడు. లోక్‌సభకు తెలుగుదేశం అభ్యర్థి కింజరాపు ఎర్రన్నాయుడిని పంపాడు. టెక్కలికి పొరుగునే ఉన్న పాతపట్నం ఉప ఎన్నికలో లక్ష్మీపార్వతిని శాసనసభకు పంపాడు. పెళ్లి ఆయన సొంత విషయమా, పార్టీ విషయమా అన్న ప్రశ్నకు జిల్లా ఒకే జవాబు ఇవ్వలేదు.

2009 డిసెంబరులో గవర్నర్ ఎన్.డి. తివారీ వ్యక్తిగత ప్రవర్తన విషయంలో ఒక టీవీ ఛానెల్ ప్రసారం చేసిన దృశ్యాలు ఆయన రాజీనామాకు దారితీశాయి. 1995 నాటి వాదం ప్రధానంగా పత్రికల్లో, సభల్లో నడిచింది. 2009 నాటి వ్యవహారం తెరమీద గంటల్లో ముగిసింది. అప్పటికే 2008లో వై.ఎస్. కుటుంబానికి చెందిన సాక్షి దినపత్రిక వచ్చింది. ఈనాడు, ఆంధ్రజ్యోతులను ఉద్దేశించి ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి తరచూ వాడిన ‘ఆ రెండు పత్రికలు’ అన్న మాట ఊరూరా పాకింది. ఏ పత్రిక చదువుతాడో చెబితే ఏ పార్టీయో చెప్పగల స్థితి వచ్చింది. అరెస్టు వార్త ఒకచోట చట్టం చేతికి చిక్కిన దొంగ కథగా, ఇంకోచోట వేటగాడి బారిన పడ్డ బాధితుడి కథగా కనిపించసాగింది.

ఒకే ఇంట్లో రెండు పక్షాలు

2012లో ఈ వాదం ఒక కుటుంబం మధ్యగా వెళ్లింది. ఆ ఏడాది మే 27న అక్రమాస్తుల కేసులో సీబీఐ వైఎస్సార్ కాంగ్రెస్ అధ్యక్షుడు వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డిని అరెస్టు చేసింది. జూన్ 12న 18 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. వాటిలో 15 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. టెక్కలి పక్కనున్న నరసన్నపేటలో ఆ పార్టీ అభ్యర్థి ధర్మాన కృష్ణదాస్. కాంగ్రెస్ అభ్యర్థి ఆయన తమ్ముడు రామదాస్. ఇంకో సోదరుడు ప్రసాదరావు అప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి. కృష్ణదాస్ గెలిచారు.

రెండు నెలలు తిరగకముందే వాన్‌పిక్ పారిశ్రామిక ప్రాజెక్టు భూముల కేసులో సీబీఐ చార్జిషీటులో ప్రసాదరావు పేరు చేరింది. ఆయన రాజీనామా ఇచ్చినా ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి వెంటనే ఆమోదించలేదు. మంత్రివర్గం ఉమ్మడిగా తీసుకున్న నిర్ణయానికి ఒక్క మంత్రి ఎలా బాధ్యుడన్నది అప్పటి కాంగ్రెస్ వాదన. 2013లో ఆయన మంత్రి పదవి నుంచి తప్పుకున్నారు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. 2022లో జగన్ మంత్రివర్గంలో మళ్లీ రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆయన చుట్టూ వాదించినవాళ్లు ఈ పదేళ్లలో పక్షాలు మార్చుకోవలసి వచ్చింది. కేసు మాత్రం అక్కడే ఉంది.

నిమ్మాడ అరెస్టులు

ఈ ప్రాంతంలో అతి తీవ్రమైన వాదం 2020 జూన్ 12న మొదలైంది. ఆ తెల్లవారుజామున ఏసీబీ అధికారులు కోటబొమ్మాళి మండలం నిమ్మాడలో టెక్కలి ఎమ్మెల్యే, ప్రతిపక్ష తెలుగుదేశం నాయకుడు కింజరాపు అచ్చెన్నాయుడిని అరెస్టు చేసి రోడ్డు మార్గాన విజయవాడ తీసుకెళ్లారు. ఆయన కార్మిక మంత్రిగా ఉన్న కాలంలో ఈఎస్ఐకి మందులు, పరికరాల కొనుగోళ్లలో అక్రమాలు జరిగాయన్నది కేసు. టెలీహెల్త్ సేవల కాంట్రాక్టు ఒక సంస్థకు ఇమ్మని ఆయన లేఖ రాశారన్నది ప్రధాన ఆరోపణ.

వాదం మూడు తీగల మీద సాగింది. మొదటిది లేఖ. సిఫారసు లేఖ నేరం కాదని తెలుగుదేశం, మంత్రి సంతకం ఆదేశంతో సమానమని వైఎస్సార్ కాంగ్రెస్ అన్నాయి. రెండోది ఆరోగ్యం. కొద్ది రోజుల ముందే శస్త్రచికిత్స చేయించుకున్న మనిషిని వందల కిలోమీటర్లు కారులో తిప్పారన్న విమర్శకు సానుభూతి దొరికింది. మూడోది కులం. బీసీ నాయకుడిని అణచివేస్తున్నారని ఒక పక్షం, అవినీతికి కులం ముసుగు వేస్తున్నారని ఇంకో పక్షం వాదించాయి. ఆగస్టు 28న హైకోర్టు ఆయనకు బెయిల్ ఇచ్చింది. అక్టోబరులో ఆయన తెలుగుదేశం రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. పార్టీ లోపల అరెస్టు ఆయన స్థాయిని తగ్గించకపోగా పెంచింది.

2021 ఫిబ్రవరిలో రెండో అరెస్టు జరిగింది. నిమ్మాడ సర్పంచి పదవికి పోటీ చేస్తున్న సొంత బంధువును ఫోనులో బెదిరించారన్నది ఆరోపణ. దశాబ్దాలుగా ఏకగ్రీవంగా నడిచిన ఊళ్లో పోటీ రావడమే అసలు గొడవకు మూలం. ప్రజాస్వామ్యం నిమ్మాడకు ఇప్పుడే వచ్చిందని ప్రత్యర్థులన్నారు. బంధువుతో మాట్లాడిన మాటకు జైలా అని అనుచరులన్నారు.

పలాసలో వారసత్వం మీద పోరు

2008 పునర్విభజనలో పలాస నియోజకవర్గం ఏర్పడింది. 2019లో ఇక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి, వైద్యుడు సీదిరి అప్పలరాజు లచ్చన్న మనవరాలు గౌతు శిరీషను ఓడించారు. 2020 జూలైలో మంత్రి అయ్యారు. ఆ డిసెంబరులో భూ ఆక్రమణల ఆరోపణల నడుమ లచ్చన్న విగ్రహం మీద ఆయన చేసిన వ్యాఖ్యలు పెద్ద వివాదమయ్యాయి. ఆక్రమణల ప్రశ్న వెనక్కి పోయి స్వాతంత్ర్య సమరయోధుడి గౌరవం ముందుకొచ్చింది. ఆరోపణకు జవాబుగా తాతముత్తాతల త్యాగాన్ని నిలపడం, ఆ త్యాగాన్నే ఎదుటివాడు తక్కువ చేశాడనడం అప్పటి వాదంలో కలిసిపోయాయి.

2022 జూన్‌లో ప్రభుత్వ పథకాల గురించిన ఒక సోషల్ మీడియా పోస్టు విషయమై సీఐడీ శిరీషను మంగళగిరికి పిలిచి గంటలకొద్దీ ప్రశ్నించింది. ఆగస్టులో పలాసలో ఇళ్ల కూల్చివేత వివాదం రేగింది. అక్కడికి బయలుదేరిన తెలుగుదేశం నాయకుడు నారా లోకేశ్‌ను పోలీసులు శ్రీకాకుళం వద్దే ఆపేశారు. 2023 సెప్టెంబరు 9న నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో చంద్రబాబును నంద్యాలలో అరెస్టు చేసి రాజమహేంద్రవరం జైలుకు పంపారు. అక్టోబరు 31 దాకా ఆయన అక్కడే ఉన్నారు. అప్పుడు పలాస, టెక్కలి తెలుగుదేశం కార్యకర్తలు ఎత్తుకున్నది 2012లో జగన్ అనుచరులు ఎత్తుకున్న వాదననే.

2024 ఎన్నికల్లో శిరీష పలాసలో, అచ్చెన్నాయుడు టెక్కలిలో గెలిచారు. అచ్చెన్నాయుడు జూన్ 12న మంత్రిగా ప్రమాణం చేశారు. నిమ్మాడ అరెస్టుకు ఆ రోజుకు సరిగ్గా నాలుగేళ్లు.

ఇంటి ముందు ధర్నా

టెక్కలిలో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి, ఎమ్మెల్సీ దువ్వాడ శ్రీనివాస్ కుటుంబ వివాదం ఆ ఆగస్టులో రోడ్డెక్కింది. ఆయన భార్య, కుమార్తెలు ఇంటి ముందు ధర్నాకు కూర్చున్నారు. టీవీ ఛానెళ్లు రోజుల తరబడి దాన్ని చూపాయి. ఆయన భార్య కూడా రాజకీయాల్లో ఉన్న వ్యక్తే. 2023లో టెక్కలి బాధ్యతలకు పార్టీ మొదట ఆమె పేరే ప్రకటించి తరువాత ఆయనవైపు మళ్లింది. అందువల్ల ఇది కుటుంబ విషయం అన్న వాదనకూ, నియోజకవర్గ విషయం అన్న వాదనకూ రెండింటికీ ఆధారం దొరికింది. పార్టీ ఆయనను నియోజకవర్గ ఇన్‌ఛార్జి బాధ్యత నుంచి తప్పించి పేరాడ తిలక్‌కు అప్పగించింది. 2025 ఏప్రిల్‌లో క్రమశిక్షణ కారణంగా సస్పెండ్ చేసింది.

కేసులకూ ఈ వివాదానికీ ఒక తేడా ఉంది. కేసు పడితే పార్టీ నాయకుడి వెనక నిలబడింది. ఇంటి గొడవ బయటపడితే దూరం జరిగింది. కేసులో బాధితుడి పాత్ర నాయకుడికి దొరుకుతుంది. ఇంటి గొడవలో ఆ పాత్ర ఇంట్లోవాళ్లకు పోతుంది.

చట్టం చెప్పేది, ఓటు చెప్పేది

చట్టంలో ఈ కాలంలో మార్పులు వచ్చాయి. సుప్రీంకోర్టు తీర్పుల తరువాత 2003 నుంచి అభ్యర్థులు తమ మీది కేసులు, ఆస్తులు ప్రమాణపత్రంలో చెప్పవలసి వచ్చింది. 2013లో లిలీ థామస్ కేసు తీర్పుతో, రెండేళ్లకు తగ్గని శిక్ష పడిన ప్రజాప్రతినిధి సభ్యత్వం వెంటనే పోతుంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో అధికార నిర్ణయాలపై అవినీతి విచారణకు ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. 2021లో సుప్రీంకోర్టు ఎంపీలు, ఎమ్మెల్యేలపై కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ప్రభుత్వాలు ఉపసంహరించరాదంది. ప్రభుత్వం మారగానే సొంతవాళ్ల కేసులు ఎత్తేసే అలవాటుకు అది అడ్డుకట్ట.

అయినా విచారణ వేగం మారలేదు. 2012లో మొదలైన జగన్ కేసుల చార్జిషీట్లపై పదేళ్లు దాటినా విచారణ పూర్తికాలేదు. అరెస్టు వారంలో వార్త, బెయిల్ రోజున ఊరేగింపు, ఆ పైన మౌనం. తీర్పు రాకపోవడంతో ఆ ఖాళీని ఎన్నిక నింపుతోంది. గెలిచినవాడు ప్రజాకోర్టు నిర్దోషి అంటాడు, ఓడినవాడు న్యాయస్థానం ఉందంటాడు. ఎన్నిక తేల్చేది ఎవరు పాలించాలో. ఎవరు తప్పు చేశారో తేల్చవలసింది కోర్టు. మొదటి ప్రశ్నకు ఈ ప్రాంతం అయిదేళ్లకోసారి స్పష్టంగా జవాబు చెబుతోంది. రెండో ప్రశ్నకు జవాబు సకాలంలో రానంతకాలం కేసు ఏదైనా, ఏ పార్టీదైనా, కక్ష అన్న వాదనకు ఇక్కడ వినేవాళ్లు ఉంటూనే ఉంటారు.