అవ్వ ఏరి పారేసిన కేసరి పప్పు

మా రేణిగుంటలో శెట్టి అంగట్లోంచి తెచ్చిన కందిబేడల్ని మా అవ్వ చాటలో పోసుకుని, వాకిట్లో వెలుతురుకి కూర్చుని ఏరేది. రాళ్ళు ఒక పక్కకి, కోణాలు తేలి ఏటవాలుగా ఉండే బేడలు ఇంకో పక్కకి. "ఇది కేసరి పప్పురా, తింటే కాళ్ళు పడిపోతాయి" అనేది. బళ్ళో సైన్సు పుస్తకంలోనూ అదే. మిరియాల్లో బొప్పాయి గింజలు, కందిపప్పులో కేసరి పప్పు. రెండు మార్కుల ప్రశ్న. ఇదేదో వ్యాపారులు తయారుచేసే దొంగ సరుకని చాలా ఏళ్ళు అనుకున్నాను. అదీ ఒక పంటేనని, తెలిసి తెలిసీ తినే జనం ఉన్నారని, దాని విషం గుట్టు విప్పిన చోటు మా ఊర్నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే బెంగుళూరేనని ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

కథ చాలా పాతది. థగ్గుల్ని పట్టుకున్న స్లీమన్ దొర గుర్తున్నాడా? ఆయన 1844లో అచ్చేసిన పుస్తకంలో సాగర్ ప్రాంతం (ఇప్పటి మధ్యప్రదేశ్) గురించి రాశాడు. 1829 నుంచి వరసగా మూడేళ్ళు గోధుమ పోయింది. ఒకసారి వడగళ్ళు, ఒకసారి వానల్లేక, ఒకసారి తెగులు. పొలంలో నిలబడింది కేసరి ఒక్కటే. జనం అదే తిన్నారు. 1833 కల్లా వయసులో ఉన్న కుర్రాళ్ళకి నడుం కింద కాళ్ళు బిగుసుకుపోయాయి. ఒకసారి పడిపోతే మళ్ళీ బాగవడం ఉండదు, జన్మంతా కర్రే. ఆ తర్వాతి కాలంలో రేవా వైపు భూస్వాములు కూలి కింద కూడా ఈ గింజలే కొలిచేవాళ్ళు. అంటే అది కల్తీ కాదు, కూలోడి జీతం!

ఇంతకీ అందులో ఏముంది? బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.ఎస్. శర్మ గారి ల్యాబ్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ గింజల్లోంచి ఒక పదార్థాన్ని విడదీశారు. ఒక రోజు వయసున్న కోడిపిల్లలకి ఎక్కిస్తే వాటికి నరాల జబ్బు లక్షణాలు వచ్చాయి. 1964లో దాని నిర్మాణం ప్రకటించారు. అదే ఏడు ఢిల్లీలో శేషాద్రి గారి బృందం కూడా అక్కడికే చేరింది. ఆ పదార్థం పేరు పొడుగు, ముద్దుగా ఓడాప్. అదొక అమైనో ఆమ్లం. మన ప్రోటీన్లు కట్టే ఇరవైలో లేనిది. మెదడులో గ్లూటమేట్ అనే సంకేతం ఉంటుంది కదా, దాని వేషం వేసుకుని వెళ్ళి నరాల కణాల్ని ఆపకుండా కేకలేయిస్తుంది.

మొక్క దీన్ని ఎలా వండుతుంది? నాకు బాగా నచ్చిన భాగం ఇదే. 1967లో అదే ల్యాబ్‌లో మాలతి, పద్మనాభన్, రావు, శర్మ గార్లు చివరి మెట్లు చూపించారు. ముందు ఒక ఎంజైము ఆక్సాలిక్ ఆమ్లాన్ని కో-ఎంజైమ్-ఏ కి తగిలిస్తుంది. ఇంకొకటి ఆ ఆక్సాలిల్ ముక్కని తీసి డైఅమైనో ప్రొపియోనిక్ ఆమ్లం మీద పెడుతుంది. ఓడాప్ తయార్. పై మెట్ల సంగతి తర్వాత బెల్జియంలో లాంబైన్ బృందం తేల్చింది. అక్కడ పనిచేసేది సిస్టీన్ తయారీకి వాడే ఎంజైమే! మన భాషలో షేర్డ్ లైబ్రరీ. దాన్ని పీకేస్తే మొక్కకి సిస్టీనూ ఉండదు. కాబట్టి కోయాల్సింది చివరి మెట్టునే. కానీ ఆ మెట్టు పనిచేస్తోందని లాగ్స్‌లో కనబడిందే గానీ సోర్స్ కోడ్ దొరకలేదు. ఇజ్రాయెల్‌లో గోల్డ్‌స్మిత్ బృందం ఆ ఎంజైమునీ దాని జీన్‌నీ 2022లో పట్టుకుంది. అంటే 55 ఏళ్ళు. 2023లో మొత్తం జీనోమ్ కూడా వచ్చింది. మనిషి జీనోమ్‌కి దాదాపు రెట్టింపు సైజు, పప్పు మొక్కకి!

ఈలోగా చట్టం ఏం చేసింది? 1961లోనే అమ్మకం నిషేధించింది. అంటే విషం ఏదో తేలక మూడేళ్ళ ముందే. తప్పని అనను, కాళ్ళు పోతుంటే పేపరు అచ్చయ్యేదాకా ఆగమంటామా? కానీ అన్ని రాష్ట్రాలూ అమలు చేయలేదు, పేదవాడు తినడమూ ఆగలేదు. వానలు తక్కువైనప్పుడు గింజలో ఓడాప్ పెరుగుతుందంటారు. వేరే తిండి లేని ఏడే విషం ఎక్కువ. కరువు చూసిన సీమ వాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

పనికొచ్చే పని హైదరాబాదులో జరిగింది. ఇవాళ్టి ఎన్.ఐ.ఎన్. లోనే, ఆ పేరు రాకముందు, 1966లో మోహన్, నాగరాజన్, గోపాలన్ గార్లు వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే విషం చాలావరకు పోతుందని చూపించారు. పాపం, విటమిన్లూ కొన్ని పోతాయి. బెంగుళూరు నుంచి ఉస్మానియాకి వచ్చిన రావు గారు 1978లో ఓడాప్‌ని రంగుతో కొలిచే పద్ధతి ఇచ్చారు. ప్రపంచంలో తక్కువ విషం వంగడాలు వెతికిన చాలామంది వాడింది అదే.

2016లో ఐ.సి.ఎం.ఆర్. కమిటీ ఒకటి రతన్, ప్రతీక్, మహాతియోరా లాంటి తక్కువ ఓడాప్ వంగడాల ఆధారంగా నిషేధం ఎత్తేయొచ్చంది. గొడవ జరిగింది. నన్నడిగితే, విత్తనం పేరు చూసి వదిలేయకూడదు. పక్క పొలంలోని నాటు రకం పుప్పొడి తేనెటీగలు మోసుకొస్తాయి, వానని బట్టి ఓడాప్ మారుతుంది. మార్కెట్ యార్డులో బస్తా దించేచోట కొలవాలి. రావు గారి పద్ధతికి కావలసింది నాలుగు రసాయనాలు, ఒక కలరీమీటరు. అది మా బళ్ళో ల్యాబ్ బీరువాలో కూడా ఉండేది, తాళం మాత్రం ఎప్పుడూ హెడ్‌మాస్టరు దగ్గరే.