బ్లాక్ మెటల్‌పై తొలినాటి డెత్ మెటల్ ప్రభావం

హెవీ మెటల్ సంగీతంలో అత్యంత తీవ్రమైన శాఖలుగా డెత్ మెటల్, బ్లాక్ మెటల్ పేరుపొందాయి. 1980ల మొదట్లో ఒకే మూలం నుంచి పుట్టిన ఈ రెండూ 1991 ప్రాంతంలో స్పష్టంగా విడిపోయాయి. నార్వే బ్లాక్ మెటల్ కళాకారులు డెత్ మెటల్‌ను బాహాటంగానే కాదన్నారు. అయితే వారిలో చాలామంది డెత్ మెటల్ వాయిస్తూ చేయి తిరిగినవారే. బ్లాక్ మెటల్ డ్రమ్ముల వేగం, గిటార్ మీటే తీరు చాలావరకు ఆ సాధనలోంచే వచ్చాయి.

ఉమ్మడి మూలాలు

ఇంగ్లాండ్‌లోని న్యూకాసిల్‌కు చెందిన వెనమ్ బృందం 1982లో విడుదల చేసిన 'బ్లాక్ మెటల్' ఆల్బమ్ ఈ శాఖకు పేరునిచ్చింది. స్వీడన్‌లో బాథరీ, స్విట్జర్లాండ్‌లో హెల్‌హామర్ ఆ ధోరణిని మరింత కరకుగా మార్చాయి. అప్పటికి రెండు శాఖల మధ్య సరిహద్దు ఏర్పడలేదు. నేడు బ్లాక్ మెటల్ ఆద్యుల్లో ఒకటిగా లెక్కించే హెల్‌హామర్ పాటలను జర్మనీకి చెందిన నాయిజ్ రికార్డ్స్ 1984లో 'డెత్ మెటల్' అనే సంకలనంలోనే వెలువరించింది.

అదే ఏడాది కాలిఫోర్నియా బృందం పొసెస్డ్ కూడా 'డెత్ మెటల్' పేరుతో డెమో క్యాసెట్ తెచ్చింది. 1985లో వచ్చిన ఆ బృందం తొలి ఆల్బమ్ 'సెవెన్ చర్చెస్'లో గుర్రుమనే గొంతు, సైతాను ప్రస్తావనలు, ఊపిరాడనివ్వని వేగం కలిసే ఉన్నాయి. ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ నడిపిన డెత్ బృందం 1987లో 'స్క్రీమ్ బ్లడీ గోర్'ను, మార్బిడ్ ఏంజెల్ 1989లో 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'ను విడుదల చేశాయి. అభిమానులు పోస్టులో ఇచ్చిపుచ్చుకున్న క్యాసెట్ల ద్వారా ఈ సంగీతం ఖండాలు దాటింది.

బ్రెజిల్‌లోని బెలో హొరిజోంచి నగరం నుంచి సార్కోఫాగో 1987లో 'ఐ.ఎన్.ఆర్.ఐ.' ఆల్బమ్‌తో వచ్చింది. ముఖాలకు రంగులు, ఒంటినిండా మేకుల పట్టీలు, విరామం లేని డ్రమ్ములు ఇందులో ఒక్కచోట చేరాయి. అందుకే రెండు శాఖల చరిత్రకారులూ దీన్ని తమదిగా చెప్పుకుంటారు.

నార్వేలో మలుపు

నార్వేలో 1984లో ఏర్పడిన మేహెమ్ 1987లో 'డెత్‌క్రష్' అనే చిన్న రికార్డును తెచ్చింది. మరుసటి ఏడాది ఈ బృందంలో చేరిన స్వీడన్ గాయకుడు పెర్ ఇంగ్వె ఓలిన్ అంతకుముందు మార్బిడ్ బృందంలో పాడేవాడు. డెత్ మెటల్, థ్రాష్ మెటల్ కలగలిసిన బృందమది.

డెత్ మెటల్ నుంచి బ్లాక్ మెటల్‌కు జరిగిన మార్పును అడుగడుగునా చూపే ఉదాహరణ డార్క్‌థ్రోన్ బృందం. వీరి తొలి ఆల్బమ్ 'సోల్‌సైడ్ జర్నీ' (1991) అచ్చమైన డెత్ మెటల్. దాన్ని స్టాక్‌హోమ్‌లో ఎంటూంబ్డ్ వంటి స్వీడన్ డెత్ మెటల్ బృందాలు రికార్డు చేసిన సన్‌లైట్ స్టూడియోలోనే చేశారు. రెండో ఆల్బమ్‌గా అనుకున్న 'గోట్‌లార్డ్'ను మధ్యలోనే పక్కన పెట్టి, 1992లో 'ఎ బ్లేజ్ ఇన్ ది నార్తర్న్ స్కై'తో బ్లాక్ మెటల్‌కు మారారు. అయినా ఆ ఆల్బమ్ గిటార్ వరుసల్లో అనేకం డెత్ మెటల్ పోకడవే. మారినది ముఖ్యంగా పలుచబడిన ధ్వని, కీచుమనే గొంతు, రికార్డింగ్‌లో కావాలని ఉంచిన గరుకుదనం. 'గోట్‌లార్డ్' 1996లో గానీ వెలువడలేదు.

ఈ దారిలో నడిచింది డార్క్‌థ్రోన్ ఒక్కటే కాదు. ఇమ్మోర్టల్ స్థాపకులు అబ్బాత్, డెమొనాజ్ బెర్గెన్ డెత్ మెటల్ బృందం ఓల్డ్ ఫ్యూనరల్‌లో వాయించారు. బర్జమ్‌ను నడిపిన వర్గ్ వికెర్నెస్ కూడా కొంతకాలం అందులో ఉన్నాడు. ఎంపరర్ బృందానికి ముందు ఇహ్‌సాన్, సామోత్ 'దౌ షాల్ట్ సఫర్'లో డెత్ మెటల్ సాధన చేశారు. ఎన్‌స్లేవ్డ్ సభ్యులు ఫోబియా అనే డెత్ మెటల్ బృందం నుంచి వచ్చారు.

అందిపుచ్చుకున్న పద్ధతులు

స్నేర్, కిక్ డ్రమ్ములను తాళాలతో కలిపి అతివేగంగా, ఎడతెగకుండా వాయించే బ్లాస్ట్ బీట్, డెత్ మెటల్ నుంచి బ్లాక్ మెటల్ అందుకున్న పద్ధతుల్లో మొదటిది. గ్రైండ్‌కోర్ అనే మరో తీవ్ర శాఖలోనూ పెరిగిన ఈ పద్ధతికి 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'లో పీట్ సాండొవల్ కచ్చితత్వాన్నిచ్చాడు. డెత్ మెటల్ దాన్ని తరచూ మారే లయల మధ్య మెరుపుదాడిలా వాడితే, బ్లాక్ మెటల్ నిమిషాల తరబడి సాగించి వినేవారిని ఒక స్థిరమైన మైకంలోకి తీసుకెళ్లింది.

ఒకే స్వరాన్ని పైకీ కిందికీ వేగంగా మీటే ట్రెమొలో పికింగ్ రెండోది. డెత్ మెటల్‌లో దీన్ని బాగా కిందికి దించిన శ్రుతిలో, బరువైన ధ్వనితో వాయించేవారు. మేహెమ్ గిటారిస్టు యూరోనిమస్, థార్న్స్ బృందానికి చెందిన స్నోర్రె రూక్ తీగలను అరచేతితో అణచకుండా మోగనిచ్చి, విషాదం పలికే స్వరమేళనాలతో అదే పద్ధతికి కొత్త రూపమిచ్చారు. గొంతులో మాత్రం బ్లాక్ మెటల్ లోతైన గుర్రును వదిలి, బాథరీ నుంచి వచ్చిన తీక్షణమైన అరుపునే ఎంచుకుంది.

విడిపోయాక మళ్లీ కలయిక

1992 నుంచి నార్వేలో జరిగిన చర్చి దహనాలు, 1993లో యూరోనిమస్ హత్య బ్లాక్ మెటల్ పేరును నేరవార్తలతో ముడిపెట్టాయి. ఆ నేరాల నీడలో సంగీత చరిత్ర వెనకబడింది. సంగీతకారుల శ్రమను అర్థం చేసుకోవాలంటే ఆ రికార్డుల్లో వాయించిన తీరునే శ్రద్ధగా వినాలి.

స్వీడన్‌లో రెండు శాఖల మధ్య తెంపు నార్వేలో అంత తీవ్రంగా జరగలేదు. మార్డుక్ తొలి ఆల్బమ్ 'డార్క్ ఎండ్‌లెస్' (1992)లోనూ, డిసెక్షన్ 'ది సాంబర్‌లెయిన్' (1993)లోనూ రెండు శైలులూ పక్కపక్కనే వినిపిస్తాయి. కెనడాలో బ్లాస్ఫెమీ 1990లోనే 'ఫాలెన్ ఏంజెల్ ఆఫ్ డూమ్'తో ఈ కలయికను అత్యంత మొరటు రూపానికి చేర్చింది. దాన్నుంచి ఎదిగిన ధోరణిని వార్ మెటల్ అంటారు.

తెలుగు నేలపై ఈ కుటుంబంలో డెత్ మెటల్ శాఖకు గట్టి ప్రతినిధి హైదరాబాద్ బృందం గాడ్‌లెస్. ఈ బృందం 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్‌ను 2021లో విడుదల చేసింది. ప్రపంచవ్యాప్తంగా రెండు శైలులనూ కలిపి వాయించే బృందాలకు ఇప్పుడు బ్లాకెన్డ్ డెత్ మెటల్ అనే ప్రత్యేక వర్గమే ఉంది. నార్వే కళాకారులు 1991లో తెంచుకోవాలనుకున్న బంధం ఆ వర్గంలో బహిరంగంగానే కొనసాగుతోంది.