గోడ మీద ఖాళీలు: జనేలే ముహోలి ఫొటోలు

ఈ ఎపిసోడ్‌లో విన్న జనేలే ముహోలి గారి కథకు ఇది కొనసాగింపు.

ముహోలి గారు 1972లో డర్బన్ దగ్గర ఉమ్లాజీ టౌన్‌షిప్‌లో పుట్టారు. 1860 నుంచి చెరకు తోటల పనికి ఓడల్లో వచ్చిన మనవాళ్ళ మునిమనవళ్ళు ఉండే చాట్స్‌వర్త్ దాని పక్కనే. రంగును బట్టి పేటలు విడగొట్టిన రోజులవి. వాళ్ళమ్మ బెస్టర్ గారు 42 ఏళ్ళు తెల్లవాళ్ళ ఇంట్లో పనిచేశారు. ముహోలి ఆడ, మగ అనే లెక్కలో తమను ఇమడ్చుకోరు. ఇంగ్లీషులో 'దే' అనమంటారు, దానిమీద అక్కడ పెద్ద చర్చే. మనకు 'వారు' ఎప్పట్నుంచో ఉంది గదా, ఇబ్బందే లేదు.

దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం ఎవరు ఎవర్ని ప్రేమించారన్న దాన్నిబట్టి వివక్ష చూపకూడదని రాసుకుంది. ప్రపంచంలో అదే మొదటిది. 2006లో పెళ్ళి హక్కూ వచ్చింది. కాయితం మీద అంతా బాగుంది. టౌన్‌షిప్ వీధుల్లో మాత్రం 'సరిచేస్తాం' అంటూ అత్యాచారాలు, హత్యలు. ఆ 2006లోనే ముహోలి 'ఫేసెస్ అండ్ ఫేజెస్' మొదలుపెట్టారు. నల్లజాతి లెస్బియన్లు, ట్రాన్స్ మగవాళ్ళు, ఎవరికి వాళ్ళు తమకు నచ్చిన బట్టల్లో నిలబడి సూటిగా కెమెరాలోకి చూస్తారు. నలుపు తెలుపు ఫొటోలు, 500 దాటాయి. మొదట్లో తీసిన కవయిత్రి బూసీ సిగాసా మరుసటి ఏడాదే 25 ఏళ్ళకు చనిపోయారు. గోడ మీద ఫొటోలు వరసగా పెట్టేటప్పుడు మధ్యలో కొన్ని చోట్లు ఖాళీగా వదుల్తారు. పోయినవాళ్ళకొకటి, ఇంకా తీయాల్సినవాళ్ళకొకటి.

2012లో కేప్‌టౌన్ ఫ్లాట్‌లో దొంగలు పడి 20కి పైగా హార్డ్ డిస్కులు ఎత్తుకుపోయారు. కొన్నేళ్ళ పని. విలువైన వేరే సామాన్లు పెద్దగా ముట్టుకోలేదంటే ఏమనుకోవాలి? ముహోలి ఆగలేదు. 2014లో ట్రాన్స్ ఆడవాళ్ళతో 'బ్రేవ్ బ్యూటీస్' మొదలైంది. ఇది వేరే రకం. అందాల పోటీల్లో నిలబడే ధీమా వాళ్ళది.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం 'సోమ్న్యామా న్గోన్యామా', అంటే నల్ల ఆడసింహానికి జై అన్నమాట. ముహోలి తమ ఫొటోలు తామే తీసుకుంటారు. ప్రింట్‌లో ఒంటి రంగు ఉన్నదానికన్నా ఇంకా నల్లగా చేస్తారు, కావాలనే. ఒకదాంట్లో తలమీద కిరీటం, చెవులకు జూకాలు, అన్నీ బట్టలారేసే క్లిప్పులే. అది అమ్మ కోసం, పేరు కూడా బెస్టరే. ఇంట్లో గిన్నెలు తోమే పీచు, టైర్లు కూడా ఈ సిరీస్‌లో నగలైపోతాయి.

ఇంకో ఫొటోలో తలకు హెల్మెట్, గాగుల్స్. సైట్లో రోజూ పెట్టుకుంటాం కాబట్టి మొదట నాకు కనిపించింది అవే. 2012 ఆగస్టు 16న మరికానా ప్లాటినం గని దగ్గర సమ్మెలో ఉన్న 34 మందిని పోలీసులు కాల్చేశారు, వాళ్ళ గుర్తుగా 2015లో తీసిన ఫొటో. దాని పేరు 'థులానీ'. జులూలో ఆ మాటకు ఊరుకోండి అని అర్థం.