షరతు వాక్యం: మంతిఖ్ నేర్పిన నిర్మాణ నియమం

భీమేశ్వరాలయం, సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా రెండూ గల ద్రాక్షారామం 1953 వరకు మద్రాసు పాలనలో ఉండేది. మంతిఖ్ (తర్కశాస్త్రం)లో దిట్ట అయిన ఒక మహాపండితుడు తన చివరి సంవత్సరాలు గడిపినది ఆ మద్రాసులోనే. ఆయన బహ్రుల్ ఉలూమ్ అబ్దుల్ అలీ. దర్సె నిజామీకి రూపమిచ్చిన లక్నో ముల్లా నిజాముద్దీన్ కుమారుడు. ఆర్కాటు నవాబు వాలాజాహ్ ఆహ్వానంపై మద్రాసు వచ్చి, 1810 (హి. 1225)లో అక్కడే మరణించారు.

ముహిబ్బుల్లాహ్ బిహారీ (మ. 1707) రచించిన రెండు గ్రంథాలకు ఆయన వ్యాఖ్యలు రాశారు. ఒకటి మంతిఖ్‌లో 'సుల్లముల్ ఉలూమ్', మరొకటి ఉసూలె ఫిఖ్‌హ్‌లో 'ముసల్లముస్ సుబూత్'. ఈ రెండు శాస్త్రాలకూ గల సంబంధం షరతు వాక్యంలో స్పష్టంగా కనిపిస్తుంది.

"సూర్యుడు ఉదయించాడు" అన్నది పూర్తి వాక్యం. అది నిజమో అబద్ధమో అయి తీరాలి. "సూర్యుడు ఉదయిస్తే పగలవుతుంది" అన్నది షర్తియ్య. ఇందులో మొదటి భాగం ముఖద్దమ్, రెండవది తాలీ. షరతు పదం చేరగానే ఏ భాగమూ విడిగా నిజమూ కాదు, అబద్ధమూ కాదని ఇబ్నె సీనా (మ. 1037) వివరించారు. నిజానిజాలు ఆ రెంటి నడుమ గల బంధానికే చెందుతాయి.

కనుక నిషేధం కూడా ఆ బంధానికే తగలాలి. "సూర్యుడు ఉదయిస్తే వర్షం పడదు" అన్నది మంతిఖ్ ప్రకారం నిషేధ షర్తియ్య కాదు. అందులో తాలీ మాత్రమే నిషేధ రూపంలో ఉంది. పైగా ఆ మాట అబద్ధం. "సూర్యుడు ఉదయిస్తే వర్షం పడుతుందన్న నియమం లేదు" అన్నదే సరైన నిషేధం, అది నిజం. అరబీలో 'లైస' వాక్యారంభంలో నిలిచి ఈ భేదాన్ని ముందే తెలుపుతుంది. తెలుగులో నిషేధం క్రియనంటుకొని వస్తుంది గనుక అనువాదంలో పొరపాటు సులభం.

ఈ పొరపాటు పాఠ్యపుస్తకంతో ఆగదు. "నీవు ఆ ఇంట్లో అడుగుపెడితే నీకు తలాఖ్" అని భర్త అన్నాడనుకుందాం. చివరి మాటను విడదీస్తే తక్షణ తలాఖ్ అవుతుంది. షరతులో ఉన్నంతవరకు అది తలాఖ్ కాదు. షరతు నెరవేరేదాకా ఆ మాట తలాఖ్‌కు కారణం కూడా కాదని హనఫీ పండితుల నిర్ణయం. ఒక 'తే' ప్రత్యయాన్ని విస్మరిస్తే ఒక కాపురమే తప్పుగా తెగిపోతుంది. ఫిఖ్‌హ్ గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారు ముందుగా మంతిఖ్‌లోని ఈ అధ్యాయాన్ని శ్రద్ధగా చదవడం అవసరం.