కడుపులో మకాం వేసే మాత్ర

మాత్ర మింగబోతే కొందరికి గొంతు పట్టేసి వాంతి వచ్చినంత పనవుతుంది. అలాంటివాళ్ల కోసం అమెరికాలో డేవిస్ అనే ఆయన 1968లో ఒక పేటెంటు తీసుకున్నాడు. మాత్ర నీళ్లకన్నా తేలికైతే నోట్లో నీటిమీద తేలి, గుక్కతోపాటే దిగిపోతుందన్నది ఆయన ఉపాయం. గొంతు దాటించడానికి పుట్టిన ఆ ఆలోచన, చివరికి మాత్రను కడుపులో ఆపడానికి పనికొచ్చింది.

ఆపడం దేనికంటే, కొన్ని మందులకు ఒంటబట్టే చోటు చాలా చిన్నది. పార్కిన్సన్ జబ్బుకిచ్చే లెవోడోపానే చూడండి. అది ఎక్కువగా చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలోకి వెళుతుంది. మెల్లగా కరిగే మాత్ర ఆ చోటు దాటిపోయాక మందు వదిలితే ఫలితం అంతంతమాత్రం. ఖాళీ కడుపేమో దేన్నీ ఎక్కువసేపు ఉండనివ్వదు. గంటన్నర, రెండు గంటలకోసారి బలమైన కండర తరంగం వచ్చి మిగిలినవన్నీ పేగుల్లోకి ఊడ్చేస్తుంది. పేగుల్లో సాగే ఈ తరంగాన్ని షుర్జెవ్‌స్కీ 1969లో కుక్కల్లో నమోదు చేశాడు.

రోష్ కంపెనీలో షేఠ్, టొసూనియన్ కడుపు రసంలో ఉబ్బి, జిగురుపొర కట్టుకుని, పైకి తేలుతూ మందును కొంచెం కొంచెంగా వదిలే గొట్టం మాత్ర చేశారు. దాని పేటెంటు 1978లో వచ్చింది. లెవోడోపా ఉండే మాడోపార్ హెచ్‌బీఎస్ ఈ కోవదే. మన రాన్‌బాక్సీ కంపెనీ వాళ్లు సిప్రోఫ్లోక్ససిన్ అనే యాంటీబయాటిక్‌ను రోజుకొక్క మాత్రగా మలిచారు. అందులోని వంటసోడాను కడుపులోని ఆమ్లం తాకగానే పుట్టే గ్యాసు ఆ మాత్రను తేలుస్తుంది. 1999లో బేయర్ అంతటి సంస్థ దాని హక్కులు కొనుక్కుంది.

అయితే తేలడం ఒక్కటే చాలదు. కడుపు ఖాళీగా ఉంటే తేలే మాత్రనూ ఆ తరంగం ఊడ్చుకుపోతుంది. ఈ కథలో అసలు ఘనత భోజనానిదే అంటాను. అన్నం అరుగుతున్నంతసేపూ ఆ తరంగం రాదు, పెద్ద ముక్కల్ని కడుపు కిందికి వదలదు. అందుకే 2011లో అమెరికాలో అనుమతి పొందిన గ్రలైజ్ అనే గబాపెంటిన్ మాత్రను రాత్రి భోజనంతోనే వేసుకోమంటారు. అది ఉబ్బి, పెద్దదై ఆగుతుంది.

పశువులకు ఈ భాగ్యం ముందే దక్కింది. రెక్కలు విప్పుకుని పశువు పొట్టలో తిష్ఠవేసే మందు గొట్టానికి ఆస్ట్రేలియాకు చెందిన లేబీ 1974లోనే పేటెంటు పొందాడు. మనుషుల కోసం ఎంఐటీలో లాంగర్, ట్రావెర్సో బృందం క్యాప్సూల్లో మడిచి, కడుపులో నక్షత్రంలా విచ్చుకునే సాధనం చేసింది. పందుల్లో అది రెండు వారాలదాకా ఐవర్‌మెక్టిన్ అనే మందును వదిలిందని 2016లో ప్రకటించారు.

మీ ఇంట్లో ఇలాంటి మాత్ర వాడేవాళ్లుంటే చెప్పండి: డాక్టరు భోజనంతో వేసుకోమంటే అలాగే వేసుకోవాలి. పెద్దదిగా ఉందని విరవకూడదు, నూరకూడదు, నమలకూడదు. అలా చేస్తే రోజంతటికీ సరిపడా మందు ఒక్కసారే ఒంట్లోకి దిగవచ్చు.