బటన్ నుంచి మళ్లీ రాడ్డుకి: ఫోర్ వీల్ బండి కథ

పాత జీపు తోలినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గేరు రాడ్డు పక్కనే ఇంకో రెండు పొట్టి రాడ్లు ఉండేవి. అవి దేనికో తెలియకుండానే ఏళ్ల తరబడి జీపు తోలినోళ్లూ ఉన్నారు. ఇప్పుడేమో బటన్ బండ్లు కొన్నవాళ్లు "ఈ ఎలక్ట్రిక్ పీకేసి రాడ్డు పెట్టించుకోవచ్చా" అని అడుగుతున్నారు. అవునూ కాదూ అని ఒక్క ముక్కలో తేల్చే సంగతి కాదిది. కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

ట్రాన్స్‌ఫర్ కేసు అంటే గేరుబాక్సు వెనక ఉండే పెట్టె. కాలవ నీళ్లని రెండు బోదెలకి పంచినట్టు, ఇంజను బలాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచుతుంది. లో గేరు కూడా అందులోనే ఉంటుంది.

నాలుగు చక్రాలూ లాగే బండికి 1908లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది పెద్ద కంపెనీ ఏమీ కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్లో మెషిన్ షాపు నడుపుకునే ఆటో జాకో, విలియం బెసర్‌డిక్ అనే బావా బావమరుదులు. తర్వాత 1940లో అమెరికా సైన్యం చిన్న బండి కావాలంటే, బాంటమ్ అనే కంపెనీ 49 రోజుల్లో నమూనా చేసి ఇచ్చింది. అదే జీపుకి మూలం. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు దింపాయి.

ఆ విల్లీస్ జీపులో ఉన్నది స్పైసర్ 18 అనే ట్రాన్స్‌ఫర్ కేసు. ఒక పొట్టి రాడ్డు ముందు ఇరుసుని కలుపుతుంది, రెండోది హై, లో మారుస్తుంది. లో వేస్తే లాగుడు దాదాపు రెండింతలు, సరిగ్గా చెప్పాలంటే 1.97 రెట్లు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ముందు ఇరుసు కలపకుండా లో వెయ్యాలంటే రాడ్డు కదలదు. పెరిగిన బలమంతా ఒక్క వెనక ఇరుసు మీద పడితే అది విరుగుతుందని లోపలే అడ్డు పెట్టారు. వైరు లేదు, కంప్యూటరు లేదు, ఇనుముకి ఇనుమే కాపలా.

1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలెట్టారు. దశాబ్దాలపాటు మన ఊళ్లల్లో తిరిగింది ఆ వంశమే. 1985లో వచ్చిన జిప్సీ రెండు రాడ్ల పనినీ ఒకే రాడ్డుతో చేసింది.

మరి బటన్ ఎందుకొచ్చింది? ఫోర్ వీల్ బండ్లు పొలం వదిలి పట్నం చేరాయి కాబట్టి. 1986లో ఫోర్డు వాళ్లు బ్రాంకో-2 బండికి టచ్ డ్రైవ్ అని బటన్ పెట్టారు. మన దగ్గర స్కార్పియో ఫోర్ వీల్‌లో తిప్పే నాబ్ వచ్చింది. నాబ్ తిప్పగానే కంట్రోలు పెట్టె లెక్క చూసుకుంటుంది, కేసుకి బిగించిన చిన్న మోటారు లోపలి షాఫ్టుని తిప్పుతుంది. చాలా కేసుల్లో ఒక విద్యుత్ అయస్కాంతం కూడా ఉంటుంది. నడుస్తున్న బండిలోనే ముందు షాఫ్టుని వేగానికి తెచ్చి కలపడం దాని పని. తెలివైన ఏర్పాటే, తీసిపారెయ్యడానికి లేదు.

చిక్కల్లా ఆ మోటారు ఉండేది బండి కింద, బురదలో, నీళ్లలో. పైగా మనం ఏడాదిలో పది నెలలు టూ వీల్‌లోనే తిరుగుతాం. కదలని మోటారు బిగుసుకుపోతుంది, పిన్నులకి చిలుం పడుతుంది. తీరా ధాన్యం బస్తాలతో రేగడి డొంకలో దిగబడ్డ రోజున నాబ్ తిప్పితే లైటు మిటకరిస్తుంది, ముందు చక్రాలు మాత్రం కదలవు. వెనక మబ్బు కమ్ముకొస్తుంటే ఆ లైటు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుసు.

అందుకే అమెరికాలో పాత ఫోర్డు రేంజర్, ఎఫ్-150 తోలేవాళ్లు ఎప్పటినుంచో కేసే మార్చేస్తున్నారు. బోర్గ్ వార్నర్ కంపెనీ ఒకే రకం కేసుని మోటారుతో ఒకటి, రాడ్డుతో ఒకటి చేసింది. 1354, 1356 రకాలు అలాంటివే. పాత బండిలోంచి రాడ్డు కేసు తెచ్చి బిగిస్తారు. మీరూ ఆ దారి పడితే షాఫ్టు పళ్ల లెక్క, ముందు జాయింటు ఏ వైపుంది, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, స్పీడోమీటరు ఏర్పాటు ముందే సరిచూసుకోండి. కొన్ని బండ్లలో ముందు హబ్బులు కూడా వాక్యూమ్‌తో కలుస్తాయి. వాటి సంగతి తేల్చకుండా రాడ్డు పెడితే, రాడ్డు పడుతుంది కానీ చక్రం లాగదు.

రెండో దారి, ఉన్న కేసుకే మోటారు తీసి, ఆ షాఫ్టుకి రాడ్డు అతికించడం. చవకే, కానీ నాకు భయం. ఎలక్ట్రిక్ కేసుల్లో షాఫ్టుని కదలకుండా పట్టి ఉంచేది చాలా వరకు ఆ మోటారు గేర్లే. మోటారు పోతే పట్టు కూడా పోతుంది. గాళ్లు, స్ప్రింగు పెట్టకుండా రాడ్డు మాత్రం అతికిస్తే లోడు మీద జారి న్యూట్రల్‌లో పడొచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే గేరుబాక్సు ఏ గేరులో ఉన్నా బండి ఆగదండీ. చెరువు కట్ట మీద మొదటి గేరులో వేశాం కదా అని దిగిపోతే, బండి తన దారిన తను పోతుంది. అందుకే రాడ్డు ఉన్న ఏ బండికైనా హ్యాండ్ బ్రేకు బాగుండాలి.

ఇంకో విచిత్రం చెప్పాలి. సుజుకీ వాళ్లు జిమ్నీ మూడో తరంలో బటన్ పెట్టి, 2018లో వచ్చిన నాలుగో తరంలో మళ్లీ రాడ్డుకే వచ్చారు. 2020 థార్‌లోనూ రాడ్డే. మన చిన్న ఫోర్ వీల్ ట్రాక్టర్లలో ముందు ఇరుసు కలిపేది చాలా వరకు ఇప్పటికీ రాడ్డే కదా.

మార్చాలనుకుంటే ముందు ఆర్‌టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర కనుక్కోండి. కంపెనీ ఇచ్చిన తీరు మారిస్తే క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. ఖర్చు పెట్టేముందు మోటారు కనెక్టరు ఊడదీసి తుడిచి, ఫ్యూజు చూసి, ఒకసారి మళ్లీ నాబ్ తిప్పండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. బాగైతే నెలకోసారి తడి మట్టి మీద ఫోర్ వీల్ వేసి వంద గజాలు తోలండి. తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మలుపులో ముందు వెనక చక్రాల వేగాలు కలవక షాఫ్టులు బిగుసుకుంటాయి, అది బటన్ బండైనా రాడ్డు బండైనా ఒకటే.