కావ్యాల్లో అడవి మనిషి చావు

పెద్ద కావ్యాల్లో గొప్పవాళ్ల చావులు మనకు బాగా తెలుసు. భీష్ముడు అంపశయ్య మీద 58 రాత్రులు గడిపి, ఉత్తరాయణం వచ్చాక ప్రాణం వదిలాడు. కర్ణుడి రథచక్రం నేలలో దిగబడింది. అభిమన్యుడు పద్మవ్యూహంలో ఒంటరివాడయ్యాడు. ఊరూరా వీధి నాటకాల్లో, హరికథల్లో, ఆ తర్వాత సినిమాల్లో ఈ చావులు చూసి జనం కన్నీళ్లు పెట్టుకున్నారు.

అదే భారతంలో ఏకలవ్యుడు ఎలా చనిపోయాడని ఏ తరగతిలోనైనా అడిగి చూడండి. బొటనవేలు కోసి ఇచ్చాడనే దాకా పిల్లలందరూ చెబుతారు. ఆ తర్వాత ఏమయ్యాడంటే జవాబు రాదు. అది పిల్లల తప్పు కాదు. వాళ్లకు చెప్పిన కథ అక్కడే ఆగిపోయింది. కావ్యం మాత్రం అక్కడ ఆగలేదు. ఆగకుండా ఏం చెప్పిందో చూడటానికే ఈ వ్యాసం.

రామాయణం మొదట్లో వచ్చే ఒక చావుతో మొదలుపెడదాం. తమసా నది ఒడ్డున జంటగా ఉన్న క్రౌంచ పక్షుల్లో మగదాన్ని ఒక నిషాదుడు బాణంతో కొట్టాడు. ఆడపక్షి ఏడుపు విని వాల్మీకి గుండె కరిగింది. ఆ బాధలోంచి ఒక శాపం వచ్చింది. అదే మొదటి శ్లోకమని, అక్కడినుంచే కవిత్వం పుట్టిందని సంప్రదాయం చెబుతుంది. ఆ పక్షి కోసం కవి పడిన బాధ నిజమైనదే, దాన్ని మనం తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ శాపం ఎవరి మీద పడిందో కూడా చూడాలి. అది పడింది పొట్టకూటికి వేటాడే మనిషి మీద. అతనికి పేరు లేదు. ఇంట్లో ఎవరున్నారో తెలియదు. అదే రామాయణంలో శృంగిబేరపురం నిషాదరాజు గుహుడికి రాముడి స్నేహితుడిగా గౌరవం దక్కింది. అంటే నిషాదులందరినీ కావ్యం ఒకేలా చూడలేదు. తమకు సాయపడినవాడికి పేరు పెట్టింది, తన బతుకు తాను బతికినవాడికి శాపం పెట్టింది.

ఇప్పుడు భారతానికి వద్దాం. వారణావతంలో పాండవుల కోసం లక్క ఇల్లు కట్టించారు. దానికి నిప్పు పెట్టాల్సిన పని పురోచనుడిది. విదురుడు ముందే హెచ్చరించాడు, సొరంగం తవ్వేవాణ్ణి కూడా పంపాడు. బయటపడే సమయం వచ్చినప్పుడు ధర్మరాజు తమ్ముళ్లతో ఒక మాట అంటాడు. ఆయుధశాలకు నిప్పు పెట్టి, పురోచనుణ్ణి కాల్చి, ఇక్కడ ఆరుగురిని ఉంచి, ఎవరికీ తెలియకుండా వెళ్లిపోదాం అన్నది ఆ మాట సారం. ఆ రాత్రి కుంతి అన్నదానం చేసింది. అన్నం కోసం ఒక నిషాద స్త్రీ ఐదుగురు కొడుకులతో వచ్చింది. తిన్నారు, తాగారు, ఒళ్లు తెలియకుండా పడి నిద్రపోయారు. భీముడు నిప్పు పెట్టాడు. తల్లీ ఐదుగురు కొడుకులూ, కుంతీ ఐదుగురు కొడుకులూ - లెక్క సరిపోయింది. తెల్లారి బూడిదలో ఆరు శవాలు చూసి ఊరంతా పాండవుల కోసం ఏడ్చింది. ధృతరాష్ట్రుడు కర్మకాండలు చేయించాడు. నిజంగా చనిపోయిన ఆరుగురి కోసం ఎవరూ ఏడవలేదు. కాలం ప్రేరేపిస్తే వాళ్లు అక్కడికి వచ్చారని కావ్యం ఒక్క మాటలో ముగించింది.

ఈ ఆరుగురిని చాలా ఏళ్ల తర్వాత ఒక రచయిత్రి గుర్తు చేసుకుంది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి కుంతి, నిషాద స్త్రీ ఎదురుపడే కథ రాసింది. యుద్ధం ముగిశాక కుంతి అడవికి వెళ్లి, ధృతరాష్ట్రుడు, గాంధారిలతో కలిసి కార్చిచ్చులో చనిపోయిందని భారతమే చెబుతుంది. ఆ అడవిలో, ఆ చివరి రోజుల్లో, కాలిపోయిన ఇంటి కోడలు కుంతి ముందు నిలబడి లెక్క అడుగుతుంది. కావ్యం వదిలేసిన ఖాళీలోనే మహాశ్వేతాదేవి ఆ కథ అల్లింది.

తర్వాతిది ఖాండవ దహనం. అగ్నిదేవుడి ఆకలి తీర్చడానికి కృష్ణార్జునులు ఖాండవ వనాన్ని చుట్టుముట్టారు. పారిపోయే ప్రాణిని పారిపోనివ్వలేదు. తక్షకుడి భార్య కొడుకును కాపాడుతూ అర్జునుడి బాణానికి చనిపోయింది. ఆ కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు - మొత్తం ఆరు ప్రాణాలు మిగిలాయి. బతికిన మయుడు పాండవులకు సభ కట్టి ఇచ్చాడు. ఇంద్రప్రస్థం వైభవం వెనుక కాలిన అడవి ఉంది. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే తన 'యుగాంత' పుస్తకంలో ఈ ఘట్టాన్ని కొత్త భూమి కోసం అడవిని, అడవిలో ఉన్నవాళ్లను తుడిచిపెట్టిన పనిగా చదివింది. ఆ పగ అక్కడ ఆగలేదు. తక్షకుడు పరీక్షిత్తును చంపాడు. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం చేశాడు. ఆస్తీకుడు అడ్డుపడితే గాని అది ఆగలేదు. భారత కథ చెప్పిన సందర్భం కూడా ఆ యాగమే. అంటే మనం వినే భారతం మొత్తం అడవి కాలిన పగ మధ్య కూర్చుని చెప్పిన కథ.

ఇక ఘటోత్కచుడు. తెలుగువాళ్లకు ఘటోత్కచుడంటే 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు. ఆ సినిమా పెళ్లితో ముగుస్తుంది. కావ్యంలో ఆ పిల్లవాడి ముగింపు వేరు. అతడు భీముడికీ, అడవి తల్లి హిడింబకూ పుట్టిన కొడుకు. పాండవుల సంతానంలో అందరికన్నా పెద్దవాడు. అయినా సింహాసనం దగ్గర అతని పేరు ఎప్పుడూ రాలేదు. వనవాసంలో నడవలేని ద్రౌపదిని మోయాలంటే మాత్రం అతన్నే పిలిచారు. యుద్ధం పద్నాలుగో రోజు రాత్రి కర్ణుడి మీదికి అతన్నే పంపారు. అర్జునుడి కోసం దాచుకున్న ఇంద్రుడి శక్తిని కర్ణుడు చివరికి ఘటోత్కచుడి మీద వేయక తప్పలేదు. చనిపోతూ కూడా అతడు ఒళ్లు పెంచి కౌరవ సైన్యం మీద పడి ఒక అక్షౌహిణిని నలిపేశాడు.

పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు ఆనందంతో అర్జునుణ్ణి కౌగిలించుకున్నాడు. ఎందుకని అర్జునుడే ఆశ్చర్యపోయి అడిగాడు. కృష్ణుడు రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, కర్ణుడి శక్తి ఖర్చయిపోయింది, నీ ప్రాణం నిలిచింది. రెండు, ఇతడు యజ్ఞాలకు, బ్రాహ్మణులకు శత్రువు, కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేది. తమ పక్షాన పోరాడి ప్రాణం ఇచ్చినవాడి గురించి అన్న మాట ఇది. ధర్మరాజు మాత్రం వనవాసంలో అతడు చేసిన సేవ తలచుకుని దుఃఖపడ్డాడు. ఆ దుఃఖాన్ని కూడా కావ్యం రాసింది.

ఏకలవ్యుడి చావు మనకు దొరికేది సరిగ్గా ఇక్కడే. ఘటోత్కచుడి శవం ఇంకా పక్కనే ఉండగా, అర్జునుడి మేలు కోసం ముందుగా తొలగించినవాళ్ల పేర్లు కృష్ణుడు వరుసగా చెబుతాడు. జరాసంధుడు, శిశుపాలుడు, వాళ్లతోపాటు ఏకలవ్యుడు. బొటనవేలు ఉంటే ఏకలవ్యుణ్ణి దేవతలు కూడా గెలవలేరు, నీ మేలు కోసమే ద్రోణుడు గురువునన్న నెపంతో వేలు తీసుకున్నాడు, నీ మేలు కోసమే నేను అతన్ని చంపాను అంటాడు. గురుదక్షిణ అని మనకు నేర్పిన దానికి కావ్యం తన మాటల్లో తానే వేరే పేరు పెట్టింది.

వేలు పోయాక ఏకలవ్యుడు ఏం చేశాడు? మిగిలిన వేళ్లతో విల్లు లాగడం నేర్చుకున్నాడు. వెనకటి వేగం రాలేదు. ధర్మరాజు రాజసూయ యాగానికి వచ్చిన రాజుల్లో అతడూ ఉన్నాడు. ఒక్కో రాజు ఒక్కో వస్తువు తెచ్చినప్పుడు ఏకలవ్యుడు పాదరక్షలు తెచ్చాడని దుర్యోధనుడు తండ్రికి చెబుతాడు. యుద్ధం తర్వాత అశ్వమేధ గుర్రం వెంట అర్జునుడు నిషాద రాజ్యానికి వెళితే, ఏకలవ్యుడి కొడుకు ఎదురు నిలిచి పోరాడి ఓడిపోయాడు. అంటే ఏకలవ్యుడు వేలు ఇచ్చి ఏడుస్తూ అడవిలోకి వెళ్లిపోయిన అబ్బాయి కాదు. అతనిది ఒక రాజ్యం. అతనికి తండ్రి హిరణ్యధన్వుడు ఉన్నాడు, తర్వాత నిలబడి పోరాడిన కొడుకు ఉన్నాడు. హరివంశం అతన్ని యాదవుల ఇంట పుట్టి నిషాదుల దగ్గర పెరిగినవాడిగా చెప్పింది. అంత నేర్పు అడవి బిడ్డకు సొంతంగా ఉండగలదని ఒప్పుకోవడం కష్టమైందేమో అనిపిస్తుంది.

చివరిగా ఒక చావులో చంపిన చేయి అడవిది. యాదవులు ఒకరినొకరు చంపుకున్నాక కృష్ణుడు ఒంటరిగా కూర్చున్నాడు. జర అనే వేటగాడు పాదాన్ని చూసి లేడి అనుకుని బాణం వేశాడు. దగ్గరికి వచ్చి చూసి వణికిపోయి కాళ్ల మీద పడ్డాడు. కృష్ణుడు అతన్ని శపించలేదు, ఓదార్చాడు. భాగవతం అతన్ని స్వర్గానికి కూడా పంపింది. ఒకచోట పక్షిని కొట్టిన వేటగాడికి శాపం, ఇంకోచోట దేవుణ్ణి కొట్టిన వేటగాడికి స్వర్గం. ఇద్దరూ చేసింది వేటే. వాళ్ల గతి మాత్రం ఎదురుగా ఉన్నవాడి మనసును బట్టి మారిపోయింది.

ఇవన్నీ జరిగిన సంగతులని చెప్పడం నా ఉద్దేశం కాదు. కావ్యం చరిత్ర పుస్తకం కాదు. నిషాదుడు అనే మాట కూడా ఒకే తెగ పేరు కాదు, బయటివాళ్లు అడవి జనానికి పెట్టిన పేరు. ఫలానా తెగవాళ్లం మేమే ఏకలవ్యుడి వారసులమని నిరూపించుకోవాల్సిన పని కూడా మనకు లేదు. అయితే రాజ్యాలు పెరిగే రోజుల్లో అడవి జనాన్ని ఎలా చూశారో ఈ చావులు చెబుతాయి. దానికి రాతి మీద సాక్ష్యం కూడా ఉంది. కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపపడిన అశోకుడు తన 13వ శిలాశాసనంలో అడవి జనానికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాడు. పశ్చాత్తాపపడినా తన చేతిలో బలం ఉందని, తప్పులకు సిగ్గుపడకపోతే చావు తప్పదని హెచ్చరించాడు. యుద్ధం మానుకున్న రాజు కూడా అడవి వైపు చూసినప్పుడు బెదిరింపు వదలలేదు. అశోకుడి శిలాశాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించగల చోటు అది.

మరి మన వాళ్లు తమ చావుల్ని ఎలా చెప్పుకున్నారు? మేడారం కథ చూడండి. కాకతీయ సైన్యంతో పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ నేలకొరిగారు. జంపన్న దూకిన సంపెంగవాగు జంపన్నవాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది, వెతికినవాళ్లకు కుంకుమభరిణ దొరికింది అంటారు. కోయ డోలీలు పడిగె పట్టి పాడే కథల్లో చనిపోయినవాళ్లకు పేరుంది, ఇంటి గొట్టు ఉంది, చుట్టం ఉన్నాడు. చనిపోయిన చోటుకు గుర్తుంది. రెండేళ్లకోసారి జనం వెళ్లి మొక్కుతారు. కావ్యంలో ఆరుగురు పేరు లేకుండా బూడిదయ్యారు. గూడెం కథలో వాగుకు కూడా చనిపోయినవాడి పేరే మిగిలింది. రెండు సాహిత్యాలకూ ఉన్న తేడా ఇదే.

టీచర్లకు ఒక మనవి. 1997-98 నుంచి మన పిల్లల కోసం పెట్టిన గురుకులాలకు ఏకలవ్య పేరు పెట్టారు. మంచి కోచ్‌లకు 1985 నుంచి ఇస్తున్న అవార్డు పేరు ద్రోణాచార్య. ఈ రెండు పేర్లూ మన పిల్లలు రోజూ వింటారు. అలాంటప్పుడు సగం కథ చెప్పి, గురుభక్తి అనే నీతి చెప్పి వదిలేయడం న్యాయం కాదు. వేలు పోయాక మిగిలిన వేళ్లతో సాధన చేశాడని చెప్పండి. రాజుగా సభకు వెళ్లాడని చెప్పండి. అతన్ని ఎవరు చంపారో, ఎందుకు చంపామని చెప్పుకున్నారో కూడా చెప్పండి. ఇది దేవుణ్ణి తిట్టడం కాదు. వ్యాసుడి కావ్యం దాచకుండా రాసిందే మనం చదువుతున్నాం. దాటవేసింది తర్వాతి పాఠాలు.

కావ్యంలో ఏ చావు కనిపించినా పిల్లల చేత నాలుగు ప్రశ్నలు అడిగించండి. చనిపోయినవాళ్ల పేరు రాశారా? ఎవరు ఏడ్చారు? ఆ చావు వల్ల ఎవరికి మేలు జరిగింది? చంపినవాళ్లు ఏ కారణం చెప్పారు? లక్క ఇంటితో మొదలుపెట్టవచ్చు. తర్వాత వాళ్ల అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చుని తమ గూడెంలో ఎవరి చావును పాటగా, కథగా చెప్పుకుంటారో రాసుకు రమ్మనండి. రెండింటికీ ఇవే నాలుగు ప్రశ్నలు వేయమనండి. ఆ నోటుపుస్తకాల్లో పడే పేర్లు ఇంతవరకు ఏ కావ్యంలోనూ లేనివి. వాటిని రాసి పెట్టాల్సిన పని మనదే.